లైవ్ విజువల్స్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డ్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే నాకు ఆర్డర్ల కంటే ఈ ఫోన్లే ఎక్కువ. "అన్నా, కొత్త సిస్టమ్ కట్టిస్తున్నా, ఏ కార్డ్ వెయ్యమంటావ్?" అని. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టీ పెట్టీ గొంతు పోయింది, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. సంగీత్‌లు, కాలేజీ ఫెస్టులు, హైదరాబాద్ హైటెక్స్‌లో కంపెనీల షోలు, జూబ్లీహిల్స్ పబ్బుల్లో డీజే నైట్లు, ఇలాంటి చోట్ల ఎల్‌ఈడీ వాల్ మీదో ప్రొజెక్టర్ మీదో విజువల్స్ ఆడించేవాళ్ల కోసం ఇది. గేమ్స్ కోసం చూస్తున్నవాళ్లకి ఇందులో దొరికేది తక్కువ.

గేమింగ్ రివ్యూలు చూసి, అందులో ఫస్ట్ వచ్చిన కార్డ్ కొనేస్తే పోలా?

పోదు. రివ్యూలో కొలిచేది సెకనుకి ఎన్ని ఫ్రేములు అని. మన వాల్ ఆడేది 60 హెర్ట్జ్‌లో, అరవై ఒకటో ఫ్రేము ఎవరికీ కనపడదు. మనకి కావలసినవి ఆ రివ్యూల్లో ఉండవు: నాలుగు పోర్టులూ ఒకేసారి వాడితే ఎలా ఉంటుంది, సాయంత్రం ఆరు నుంచి రాత్రి ఒంటిగంట దాకా ఆపకుండా నడిస్తే ఎంత వేడెక్కుతుంది, మధ్యలో ఎవరో కేబుల్ లాగేస్తే ఏమవుతుంది. ఇంట్లో గేమ్ ఆగిపోతే మీరొక్కరే తిట్టుకుంటారు, ఇక్కడ ఆగితే పెళ్లికూతురి మేనమామ కన్సోల్ దగ్గరికి నడుచుకుంటూ వస్తాడు.

సరే, మొదట ఏం చూడాలి?

మీరు ఆడించే వాల్‌లో పిక్సెల్స్ ఎన్నో లెక్కేయండి. కార్డ్ సంగతి తర్వాత. ఈ లెక్క వెయ్యకుండా లక్షలు పోసినవాళ్లని చూశాను, అందుకే కాస్త వివరంగా చెబుతా.

ఊళ్లో పెళ్లిళ్లకి ఎక్కువగా తిరిగేది పీ3.9 ప్యానెల్ (పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య 3.9 మిల్లీమీటర్లు). అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, ఒక్కోదాంట్లో అడ్డంగా 128, నిలువుగా 128 పిక్సెల్స్. డెకరేషన్ వాళ్లు "ఇరవై బై పది" అంటారు చూడండి, అడుగుల్లో, అంటే ఇంచుమించు 6 మీటర్లు, 3 మీటర్లు. అడ్డంగా 12 ప్యానెళ్లు, నిలువుగా 6. అప్పుడు వాల్ మొత్తం 1536×768. పన్నెండు లక్షల పిక్సెల్స్ కూడా లేవు. ఒక ఫుల్ హెచ్‌డీ అవుట్‌పుట్‌లో 20 లక్షల 73 వేలు ఉంటాయి. అంటే అంత పెద్ద వాల్‌కి ఒక్క హెచ్‌డీఎంఐ కేబుల్, అదీ మామూలు 1080పీ, మిగిలిపోతుంది కూడా.

ఇప్పుడు కాలేజీ ఫెస్ట్ తీసుకోండి. మధ్యలో నలభై బై ఇరవై, అంటే 24 ప్యానెళ్లు అడ్డం, 12 నిలువు, 3072×1536. రెండు పక్కలా వింగ్స్ పెట్టారనుకోండి, ఒక్కోటి 6 ప్యానెళ్ల వెడల్పు, అదే ఎత్తు, 768×1536. అన్నీ పక్కపక్కనే పేరిస్తే 4608×1536. పిక్సెల్స్ కూడితే 71 లక్షల లోపే, ఒక 4కే అవుట్‌పుట్‌కున్న 83 లక్షల కంటే తక్కువే. కానీ 4కే వెడల్పు 3840, అందులో 4608 పట్టదు. వింగ్స్‌ని అడ్డంగా తిప్పి కింద పెడదామన్నా 768 ఎత్తు కావాలి, కింద మిగిలింది 624. కాబట్టి వింగ్స్‌ని ముక్కలు చెయ్యకుండా పెట్టాలంటే రెండు అవుట్‌పుట్లు కావాలి. ఈ పేర్చే లెక్క ఒక కాగితం మీద గీసుకుంటే ఏ కార్డ్ కావాలో సగం తేలిపోయినట్టే.

ఎల్‌ఈడీ వాళ్లని అడగాల్సింది కూడా అడుగుల్లో సైజు కాదు, "పిక్సెల్ మ్యాప్ పంపండి" అని, అంటే ఏ ప్యానెల్‌కి ఏ పిక్సెల్స్ వెళ్తాయో చూపే పటం. మన సిస్టమ్ నుంచి వచ్చే బొమ్మని ప్యానెళ్లకి పంచే డబ్బాని ప్రాసెసర్ అంటారు, నోవాస్టార్ కంపెనీ ప్రాసెసర్లలో ఒక్కో గిగాబిట్ పోర్ట్ 60 హెర్ట్జ్ దగ్గర 6.5 లక్షల పిక్సెల్స్ మోస్తుంది, ఆ లెక్క వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది, అడిగితే ఇస్తారు.

క్లయింట్ మాత్రం "4కే కావాలి" అంటున్నాడు.

అననివ్వండి. వాల్‌లో 1536 పిక్సెల్సే ఉంటే 4కే పంపినా ప్రాసెసర్ దాన్ని కుదించి అంతే చూపిస్తుంది. "సార్, మీ వాల్ ఎంతుందో అంతకే కంటెంట్ చేస్తున్నాం, అక్షరాలు పదునుగా వస్తాయి" అని చెప్పండి, అది నిజం కూడా.

వీర్యామ్ (కార్డ్ సొంత మెమరీ) ఎంత ఉండాలి? 8 జీబీ సరిపోతదా?

విజువల్స్ ఆడించే సాఫ్ట్‌వేర్ రిజొల్యూమ్‌లో ఫుల్ హెచ్‌డీ పనికి సరిపోతుంది. కుదించని ఒక ఫుల్ హెచ్‌డీ ఫ్రేము కార్డ్ మెమరీలో 8 ఎంబీ చిల్లర తీసుకుంటుంది, 4కే ఫ్రేము 33 ఎంబీ. లేయర్‌కి, ఎఫెక్ట్‌కి ఒక్కో ఫ్రేము చొప్పున వేసుకున్నా, ఆరు లేయర్లు, లేయర్‌కి మూడు ఎఫెక్టులు పెట్టినా 4కేలో కూడా ఒక జీబీ దాటడం కష్టం.

లెక్క మారేది, విజువల్స్‌ని అక్కడికక్కడే పుట్టించే సాఫ్ట్‌వేర్ టచ్‌డిజైనర్ దగ్గర. అందులో 32 బిట్ ఫ్లోట్ టెక్స్చర్ వాడారంటే ఒక్క 4కే ఫ్రేమే 132 ఎంబీ, అలాంటివి ఫీడ్‌బ్యాక్ లూపుల్లో ఇరవై ముప్పై ఉండటం మామూలే. అన్‌రియల్ ఇంజిన్‌లో 3డీ సెట్ కట్టి ఆడించేవాళ్లకి, కెమెరా ముందు నిల్చున్న మనిషిని అక్కడికక్కడే ఏఐతో బొమ్మగా మార్చే పని చేసేవాళ్లకి 12 జీబీ మొదలు, 16 ఉంటే నిద్ర పడుతుంది. వీర్యామ్ నిండిపోతే కార్డ్ మెల్లగా నెమ్మదించదు, బాగా నడుస్తున్నది కాస్తా ఉన్నట్టుండి నత్తనడక అందుకుంటుంది, అదే దాంతో వచ్చే ఇబ్బంది.

ఇదంతా వద్దన్నా, మోడల్ పేరు చెప్పెయ్.

ఒకటి రెండు ఫుల్ హెచ్‌డీ అవుట్‌పుట్లు, రిజొల్యూమ్, పెళ్లిళ్లు, పబ్బులు: ఆర్‌టీఎక్స్ 4060 లేదా 5060. 4060 తాగే కరెంటు 115 వాట్లే, అది నాకు బాగా నచ్చిన విషయం, చల్లగా ఉంటుంది, చిన్న కేసులో పడుతుంది. పాత 3060లో 12 జీబీ రకం బిల్లుతో దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి, 170 వాట్లు తాగుతుంది, పర్వాలేదు.

పెద్ద స్టేజీలు, రెండు మూడు 4కే అవుట్‌పుట్లు, టచ్‌డిజైనర్: 5060 టీఐలో 16 జీబీ రకం, లేదా 4070, 5070. ఇక్కడ 5060 టీఐ కొనేటప్పుడు డబ్బా మీద 16 అని కళ్లతో చూసుకోండి, 8 జీబీది కూడా అదే పేరుతో వస్తుంది.

4090, 5090 లాంటివి అన్‌రియల్, నాచ్ లాంటి వాటిలో రియల్‌టైమ్ 3డీ చేసేవాళ్లకి. 5090 ఒక్కటే 575 వాట్లు. సంగీత్‌లో "రాజేష్ వెడ్స్ స్వప్న" అని బంగారు అక్షరాలు తిప్పడానికి దాంతో పని లేదు. ధరలు మాత్రం రాయను, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు.

మంచి కార్డే వేశాను, అయినా వీడియో జర్క్ ఇస్తోంది. కార్డ్ మార్చాలా?

తొంభై శాతం సార్లు తప్పు కార్డ్‌ది కాదు, ఫైల్‌ది. యూట్యూబ్ నుంచో, స్టాక్ సైట్ నుంచో దింపిన ఎంపీ4ని అలాగే రిజొల్యూమ్‌లో లాగి పడేశారు, అవునా? ఆ హెచ్.264 ఫైల్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు, చాలా ఫ్రేముల్లో ముందు వెనక ఫ్రేములతో పోలిస్తే మారినంత మేరకే ఉంటుంది. నేరుగా ఆడిస్తే ఫర్వాలేదు, వెనక్కి తిప్పినా, బీట్‌కి తగ్గట్టు ముక్కలు ఎగరేసినా పాపం అది తడబడుతుంది.

డీఎక్స్‌వీ, హ్యాప్ అనే కోడెక్‌లు (వీడియోని కుదించి దాచే పద్ధతులు) ఇందుకే పుట్టాయి. వీటిలో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిగా ఉంటుంది, పైగా విప్పే పని గ్రాఫిక్స్ కార్డే చేసుకుంటుంది. రిజొల్యూమ్ వాళ్లదే ఆలీ (Alley) అనే ఉచిత కన్వర్టర్ ఉంది, రాత్రి పడుకునే ముందు ఫోల్డర్ మొత్తం అందులో వేసి వదిలేయండి.

అయితే ఒక మెలిక. ఈ ఫైళ్లు బరువు. మామూలు హ్యాప్‌లో ఒక పిక్సెల్‌కి అర బైట్ అనుకోండి, ఫుల్ హెచ్‌డీ ఫ్రేము ఒక ఎంబీ, సెకనుకి 30 ఫ్రేములంటే 31 ఎంబీ. ఆ పైన ఇంకో కుదింపు ఉంటుంది కాబట్టి కాస్త తగ్గుతుందిలెండి. 4కే అయితే దానికి నాలుగింతలు, 124. అలాంటి 4కే లేయర్లు ఐదు ఒకేసారి నడిపితే సెకనుకి 620 ఎంబీ చదవాలి. సాటా ఎస్‌ఎస్‌డీ ఎంత మంచిదైనా 550 దగ్గర చేతులెత్తేస్తుంది. ఇక పోర్టబుల్ హార్డ్‌డిస్క్ నుంచి ఆడించేవాళ్లకి నా నమస్కారం. కార్డ్‌లో ఒక మెట్టు తగ్గి, ఆ డబ్బుతో సాటా కంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ 2 టీబీది వేసుకోండి, తేడా ఆ రాత్రే కనపడుతుంది.

ఎన్ని స్క్రీన్లు పెట్టొచ్చు?

పైన చెప్పిన ఆర్‌టీఎక్స్ కార్డులన్నీ ఎన్విడియా వాళ్ల జీఫోర్స్ రకం. జీఫోర్స్ కార్డ్ ఏదైనా ఒకేసారి నాలుగు డిస్‌ప్లేల దాకానే. అందులో మీ ముందున్న మానిటర్‌కి ఒకటి పోతే మిగిలేవి మూడు. ఎక్కువ కార్డుల్లో మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ. ఎల్‌ఈడీ వాళ్ల ప్రాసెసర్ దగ్గరేమో హెచ్‌డీఎంఐ ఉంటుంది, కాబట్టి కన్వర్టర్లు మీ బ్యాగులోనే ఉండాలి. కోఠిలో బుట్టలో పోసి అమ్మేవి వద్దు, లోపల చిప్ ఉండి సిగ్నల్ మార్చే యాక్టివ్ కన్వర్టర్లు తీసుకుని, మీ కార్డ్‌తో ఇంటి దగ్గరే గంటసేపు ఆడించి చూసి, స్టిక్కర్ అంటించి పెట్టుకోండి.

జీటీ 710లో నాలుగు హెచ్‌డీఎంఐలు ఉన్న రకం ఒకటి చవగ్గా దొరుకుతుంది. చూస్తే ప్రాణం లేచొస్తుంది, పోర్టులు ఉన్నాయి కదా అని. అది ఆఫీసులో ఎక్సెల్ షీట్లు చూసుకోవడానికి. దాని మీద రిజొల్యూమ్ నడపడం ఆటోకి బోర్‌వెల్ లారీ కట్టడం లాంటిది.

మూడు చాలకపోతే కార్డులు పెంచడం కన్నా డేటాపాత్ ఎఫ్ఎక్స్4 లాంటి డబ్బా అద్దెకి తీసుకోవడం మేలు. దానికి ఒక 4కే ఇస్తే నాలుగు ఫుల్ హెచ్‌డీలుగా కోసి ఇస్తుంది. ప్రొజెక్షన్ మ్యాపింగ్ చేసేవాళ్లకి ఇది ఎప్పుడూ ఉపయోగపడేదే.

రెండు కార్డులు వేస్తే డబుల్ స్పీడ్ రాదా?

రాదు. రిజొల్యూమ్ బొమ్మ కట్టేది ఒక కార్డ్ మీదే. రెండో కార్డ్‌లోంచి అవుట్‌పుట్ తీస్తే ప్రతి ఫ్రేమునీ మొదటిదాన్నుంచి దానికి మోసుకెళ్లాలి, ఇంకా నెమ్మదిస్తుంది. అవుట్‌పుట్లన్నీ ఒకే కార్డ్ నుంచి తీయండి.

షో మధ్యలో కేబుల్ ఊడితే మొత్తం చెదిరిపోతోంది, దీనికి కార్డ్‌లో మందు ఉందా?

ఇది నా గాయం, అడిగారు కాబట్టి చెబుతా. కొంపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్. పెళ్లికూతురు ఎంట్రీ, లైట్లన్నీ ఆర్పేశారు, తమ్ముళ్లు నలుగురు పూల చద్దరు పట్టుకుని నడుస్తున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి జనరేటర్ మీదికి మారింది. నా సిస్టమ్ యూపీఎస్ మీద ఉంది, దానికేం కాలేదు. ఎల్‌ఈడీ ప్రాసెసర్ మాత్రం నేరుగా లైన్ మీద ఉంది, అది ఆగి మళ్లీ లేచింది. ఆ కొద్ది సెకన్లలో విండోస్‌కి "రెండో డిస్‌ప్లే పోయింది" అనిపించి సర్దుబాట్లన్నీ తనకి తోచినట్టు మార్చేసింది. వాల్ తిరిగి వెలిగేసరికి దాని మీద నా డెస్క్‌టాప్. ఇరవై అడుగుల వెడల్పున, మధ్యలో "ఫైనల్ ఫైనల్ 3 లాస్ట్" అనే ఫోల్డర్. నేను మౌస్ కోసం తడుముకుంటున్న బాణం గుర్తు కూడా అందరికీ కనపడింది. ఫొటోగ్రాఫర్ దాన్ని కూడా తీశాడు, ఆల్బమ్‌లో పెట్టలేదనుకుంటా.

సంగతేమిటంటే, స్క్రీన్ తన వివరాలు కార్డ్‌కి చెప్పుకునే చిన్న చీటీ ఒకటి ఉంటుంది, దాన్ని ఈడీఐడీ అంటారు. కేబుల్ ఊడినా, ప్రాసెసర్ ఆగినా ఆ చీటీ మాయమవుతుంది. ఎన్విడియా ప్రొఫెషనల్ కార్డుల్లో ఆ చీటీని డ్రైవర్‌లోనే భద్రపరిచే సదుపాయం ఉంది, అప్పుడు అవతల ఏం జరిగినా కార్డ్ మాత్రం స్క్రీన్ ఉన్నట్టే భావిస్తుంది. జీఫోర్స్‌లో ఆ సదుపాయం ఇవ్వలేదు. దానికి బదులు ఈడీఐడీ ఎమ్యులేటర్ అని బొటనవేలంత ముక్క దొరుకుతుంది, కార్డ్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టాలి. ఒక్కో అవుట్‌పుట్‌కి ఒకటి. ఆ రాత్రి తర్వాత అది లేకుండా నేను ఇల్లు కదల్లేదు.

అయితే క్వాడ్రో కొనేయడమే మంచిదా?

క్వాడ్రో అంటే ఆ ప్రొఫెషనల్ కార్డుల పాత పేరు, 2020లో తీసేశారు, ఇప్పుడు ఆర్‌టీఎక్స్ ఏ4000, ఆర్‌టీఎక్స్ 4000 అడా అలాంటి పేర్లు. షాపుల్లో మాత్రం ఇప్పటికీ క్వాడ్రోనే అంటారు. వీటిలో ఈడీఐడీతో పాటు మొజాయిక్ ఉంటుంది, అంటే నాలుగు అవుట్‌పుట్లని విండోస్‌కి ఒకే పెద్ద స్క్రీన్‌లా చూపించవచ్చు. పెద్ద మోడళ్లకైతే సింక్ కార్డ్ తగిలించి రెండు మూడు సిస్టమ్‌లని ఒకే తాళానికి నడిపించవచ్చు. ఇంకో సుఖం, ఏ4000 ఒక్క స్లాట్ మందమే, 140 వాట్లే, 16 జీబీ, పక్కన, కెమెరా వీడియోని లోపలికి తీసుకునే క్యాప్చర్ కార్డ్‌కి చోటు మిగులుతుంది.

అదే డబ్బుకి జీఫోర్స్‌లో దీనికంటే చాలా వేగమైనది వస్తుంది. నా మాట అయితే, హెచ్‌ఐసీసీ లాంటి చోట్ల నెలకి నాలుగు కార్పొరేట్ షోలు చేసి, ఒక్క నల్ల ఫ్రేము పడినా బిల్లులో కోత పడేవాళ్లు కొనండి. మిగతావాళ్లకి జీఫోర్స్, ఎమ్యులేటర్లు చాలు. సెకండ్ హ్యాండ్ ఏ4000 ఒకటి కంటపడితే మాత్రం ఆలోచించండి, ఆఫీసు సిస్టమ్‌ల నుంచి వచ్చినవి తక్కువ నలిగి ఉంటాయి.

ఏఎమ్‌డీ కంపెనీ కార్డులు వద్దంటారా?

వద్దనను. రిజొల్యూమ్ దాని మీదా నడుస్తుంది, అదే డబ్బుకి వీర్యామ్ ఎక్కువిస్తారు. కానీ టచ్‌డిజైనర్‌లో కొన్ని పనిముట్లు, ఏఐ పనుల్లో చాలా భాగం ఎన్విడియా కార్డుల్లో మాత్రమే ఉండే క్యూడా (CUDA) అనే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. పైగా ఇక్కడ షోలో ఏదైనా తేడా వస్తే పక్కనున్న ఆపరేటర్‌కి తెలిసింది ఎన్విడియా ప్యానెలే, రాత్రి పదకొండింటికి సహాయం దొరకడం కూడా ఒక ఫీచరే కదా.

ల్యాప్‌టాప్ మీద నడపొచ్చా?

నడపొచ్చు, ఊళ్లో సగం పబ్బులు అలాగే నడుస్తున్నాయి. మూడు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, పేరు ఒకటే అయినా బలం ఒకటి కాదు. ల్యాప్‌టాప్ 4060ని కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా కట్టేయొచ్చు. పల్చటి ల్యాప్‌టాప్‌లో 4060 కన్నా లావుపాటి దాంట్లో 4050 బాగా ఆడటం నేను చూశాను. రెండు, ఆ హెచ్‌డీఎంఐ పోర్ట్ లోపల దేనికి కలిపారు అన్నది. కొన్నింట్లో అది ఎన్విడియాకి కాకుండా ల్యాప్‌టాప్ సీపీయూలోని చిన్న గ్రాఫిక్స్‌కి కలిపి ఉంటుంది, అప్పుడు ప్రతి ఫ్రేమూ చుట్టు తిరిగి రావాలి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సరౌండ్, ఫిజ్ఎక్స్ పేజీ తెరిస్తే ఏ పోర్ట్ ఏ చిప్‌కి కలిసిందో బొమ్మ గీసి చూపిస్తుంది. కొనే ముందు షాపులోనే చూడండి, కుర్రాడు విసుక్కున్నా సరే. మూడు, ఛార్జర్ పెట్టకుండా ఎప్పుడూ నడపకండి, బ్యాటరీ మీద కార్డ్ సగం బలం కూడా ఇవ్వదు.

మ్యాక్‌బుక్?

ఒక వాల్‌కి హాయిగా నడుస్తుంది. మామూలు ఎం1, ఎం2 ల్యాప్‌టాప్‌లు బయటి స్క్రీన్ ఒక్కటే ఇస్తాయి, ఎం3 మూత మూస్తే రెండు, ఎం4 మూత తెరిచే రెండు. ప్రో, మ్యాక్స్ చిప్పులకి వేరే లెక్క. కార్డ్ మార్చుకునే మాటే ఉండదు కాబట్టి మిగతా ఈ పేజీ మీకు అక్కర్లేదు.

ఎండాకాలం ఔట్‌డోర్ షోల్లో సిస్టమ్ నెమ్మదిస్తోంది.

మే నెలలో ఇక్కడ పగలు 42 డిగ్రీల దాకా పోతుంది, మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం సెటప్ చేస్తే కేసు లోపలికి పోయే గాలే మండుతూ ఉంటుంది. చల్లగాలి గదిలో 65 చూపించిన కార్డ్ అక్కడ 80 దాటుతుంది, ఆపైన తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మూడు ఫ్యాన్లున్న కార్డ్, ముందు జాలీ ఉన్న కేసు తీసుకోండి. నల్ల గుడ్డ కప్పిన బల్ల కింద సిస్టమ్ పెట్టడం మానేయండి. బల్లకి గుడ్డ అందం కోసం, లోపలున్నవాడికి ఊపిరాడద్దా?

చల్లగా ఉంటుందని మిస్ట్ ఫ్యాన్‌ని కన్సోల్ వైపు తిప్పేవాళ్లు ఉంటారు, ప్రేమతోనే తిప్పుతారు, తక్షణం పక్కకి తిప్పించండి. స్టేజీ మీద పొగమంచు వదిలే హేజర్‌లోని నూనె, గులాల్ పొడి, కాన్ఫెట్టి ముక్కలు, ఇవన్నీ కలిసి ఫ్యాన్ రెక్కల మీద జిడ్డు పొరలా అతుక్కుంటాయి. వినాయక నిమజ్జనం ఊరేగింపులో రోజంతా బండి మీద నడిపిన సిస్టమ్‌ని మర్నాడు విప్పితే కార్డ్ గులాబీ రంగులో ఉంది. బ్లోయర్‌తో ఊదితే పోదు, ఫ్యాన్లు విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

రవాణా మాట కూడా ఇక్కడే. కిలోన్నర బరువున్న కార్డ్ టాటా ఏస్‌లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వెళ్లేలోపు గుంతల్లో ఎగిరితే స్లాట్ విరుగుతుంది. కింద ఆసరా పెట్టి బిగించండి, లేదా కార్డ్ ఊడదీసి చేతిలో పట్టుకెళ్లండి. తేలికపాటి రెండు ఫ్యాన్ల కార్డులు నేను ఇష్టపడటానికి ఇదీ ఒక కారణం, పైన మూడు ఫ్యాన్లు అన్నాను కదా అంటారా, ఔట్‌డోర్ ఎక్కువ చేస్తే అది, బండి ప్రయాణాలు ఎక్కువైతే ఇది.

పవర్ సప్లై, యూపీఎస్?

4060కి 550 వాట్ల మంచి సప్లై, 4070 తరగతికి 650 పైన. యూపీఎస్ 1000 వీఏ అని రాసి ఉంటే అది చాలావరకు 600 వాట్లే, అందుకే తక్కువ తాగే కార్డ్ మేలంటున్నా. ఎల్‌ఈడీ ప్రాసెసర్‌ని కూడా అదే యూపీఎస్ మీద పెట్టించండి, పైన కొంపల్లి కథ చదివారుగా.

సెకండ్ హ్యాండ్ కార్డ్ కొనొచ్చా? మైనింగ్ కార్డులని భయం.

కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించే పనినే మైనింగ్ అంటారు. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక 30 సిరీస్ కార్డులు కుప్పలుగా బజారులో పడ్డాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. మైనింగ్ చేసినదల్లా చెడిపోయిందని కాదు, ఫ్యాన్లు అరిగి, లోపలి పేస్ట్ ఎండిపోయి ఉంటాయి. కార్డ్‌ని పూర్తి బలంతో పరీక్షించే ఫర్‌మార్క్ అరగంట నడిపించండి, పక్కన వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో మామూలు వేడికీ హాట్‌స్పాట్‌కీ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు) తేడా చూడండి, 25 డిగ్రీలు దాటితే బేరం తగ్గించండి లేదా లేచి వచ్చేయండి.

అమ్మేవాడు ఎప్పుడూ ఒక పోర్ట్‌లో కేబుల్ పెట్టి "చూడు భాయ్, నడుస్తుంది" అంటాడు. మనకి కావాల్సింది నాలుగూ. ఒక చిన్న మానిటర్ పట్టుకెళ్లి ప్రతి పోర్ట్‌లోనూ పెట్టి చూడండి, కేబుల్‌ని కొంచెం కదిపి చూడండి, రోజూ ఊడదీసి పెట్టే పని మనది.

సీటీసీలో కొనాలా, ఆన్‌లైన్‌లోనా?

నేను సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే (సీటీసీ అంటే ఇదే) వెళ్తా. ఆన్‌లైన్‌లో రేటు ఫోన్‌లో తెరిచి పెట్టుకుని మూడు షాపులు తిరగండి. జీఎస్‌టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. 18 శాతం పన్ను, మీకు రిజిస్ట్రేషన్ ఉంటే అది వెనక్కి సర్దుబాటవుతుంది, పైగా బిల్లు లేకపోతే వారంటీ దగ్గర మీ మొహం ఎవరూ చూడరు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అన్న మాటకి పడి నేను ఒక కార్డ్‌ని షోకేస్‌లో బొమ్మలా పెట్టుకున్నా.

వాల్‌తో పాటు యూట్యూబ్ లైవ్ కూడా అదే సిస్టమ్ మీద ఇవ్వొచ్చా?

డల్లాస్‌లో ఉన్న మేనత్త చూడాలి కదా, తప్పదు. ఎన్విడియా కార్డుల్లో వీడియో ఎన్‌కోడ్ చేసే విభాగం వేరుగా ఉంటుంది, ఎన్‌వెంక్ అంటారు, దాంతో లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ నడిపితే విజువల్స్‌కి పెద్దగా అడ్డు రాదు. జీటీ 1030లో అది లేనే లేదు, గుర్తుంచుకోండి. కెమెరా లోపలికి తీసుకోవాలంటే క్యాప్చర్ కార్డ్ కావాలి, మూడు స్లాట్ల మందం ఉన్న గ్రాఫిక్స్ కార్డ్ కొంటే అది పెట్టే స్లాటే మూసుకుపోతుంది, మదర్‌బోర్డ్ బొమ్మ చూసి కొలుచుకోండి. ఇంకోటి, ఇక్కడి కెమెరామెన్ చాలామంది సెకనుకి 50 ఫ్రేముల్లో తీస్తారు, మన వాల్ 60లో ఆడుతుంది, కదలికలో చిన్న కుదుపు అందుకే. కార్డ్ మార్చినా పోదు, ముందే మాట్లాడుకుని ఇద్దరూ ఒక నంబర్‌కి రావాలి.

కార్డ్ వేశాక ఏ సెట్టింగులు మార్చాలి?

స్టూడియో డ్రైవర్ వేయండి. షో ఉన్న వారం డ్రైవర్ జోలికి, విండోస్ అప్‌డేట్ జోలికి పోవద్దు. పవర్ మేనేజ్‌మెంట్‌ని గరిష్ట పనితీరు మీద పెట్టండి. జీ సింక్, హెచ్‌డీఆర్, గేమ్ ఓవర్‌లేలు తీసేయండి. అన్ని డిస్‌ప్లేలూ 60 మీదే ఉంచండి, ల్యాప్‌టాప్ స్క్రీన్ 144లో ఉండి వాల్ 60లో ఉంటే అక్కడ కూడా కుదుపు వస్తుంది. అవుట్‌పుట్ రంగు ఫుల్ ఆర్‌జీబీలో ఉందో లేదో చూడండి, లిమిటెడ్‌లో ఉంటే నలుపంతా బూడిదలా కనిపించి, ఎల్‌ఈడీ వాళ్లది తప్పని మీరు, మీది తప్పని వాళ్లు అరగంట వాదించుకుంటారు.

స్పేర్ కార్డ్ ఒకటి ఉంచుకోవాలా?

షో మధ్యలో స్క్రూలు విప్పి కార్డ్ మార్చినవాణ్ని నేనింతవరకు చూడలేదు. దానికి బదులు ఒక పాత ల్యాప్‌టాప్‌లో పది నిమిషాల లూప్ పెట్టి, ప్రాసెసర్ రెండో ఇన్‌పుట్‌లో తగిలించి ఉంచండి, ఏదైనా జరిగితే ఎల్‌ఈడీ కుర్రాడు ఒక బటన్ నొక్కుతాడు. ఏ బటనో ముందే టేప్ అంటించి పెట్టండి. లూప్‌లో వధూవరుల పేర్లు చాలు, స్పెల్లింగ్ మాత్రం వాళ్లింట్లో ఎవరికైనా చూపించి పెట్టుకోండి.